‘అనుకున్నం’ అనే మాట మీద నడిచిన కేసు

1989వ సంవత్సరం. నేను సంగారెడ్డి కోర్టుల నల్లకోటు తొడుక్కొని నాలుగైదేండ్లయితుండె. నా దగ్గరికి వచ్చేటియి రెండే తీర్ల కేసులు. ఫ్యాక్టరీకి పోయిన భూమికి పైసలు తక్కువొచ్చినయని కొందరు, ఫ్యాక్టరీల చెయ్యో వేలో పోయిందని కొందరు. పటాన్‌చెరు నుంచి బొంతపల్లి దాంక వరుసగ గేట్లు లేస్తున్న కాలమది. నిన్న జొన్నచేను చూసిన కాడ ఇయ్యాల కాంపౌండు గోడ కనబడుతుండె. ఆ గోడల నడుమ తిరుగుకుంటనే నా వకాలతు అంత నడిచింది. ఎన్నో కేసులు చూసిన గాని, ఎవరన్న యాదికున్న కేసు చెప్పుమంటే నేను చెప్పేది ఒక్కటే. అది నేను వాదించిన కేసు గాదు, మా సారు వాదించింది. ఆయన బతుకుల వాదించిన కేసు గూడ అదొక్కటే.

సత్తెమ్మ కర్దనూర్ నుంచి వచ్చింది. పెనిమిటి బాలయ్య కామెర్లు ముదిరి పోయి అప్పటికి ఆర్నెల్లు. వాళ్లకున్న చెలక భూమి ఫ్యాక్టరీ కింద పోతే, వచ్చిన పైసలతోని బాలయ్య ఒక లారీ కొన్నడు. తనే నడుపుకునేటోడు. ఆయన పోయినంక ఈమె తన తమ్మున్ని పిలిపిచ్చుకొని లారీ నడిపిద్దామని చూసింది. తమ్మునికి లైసెన్సుంది, లారీ మంచిగనే ఉంది, గాని పటాన్‌చెరు అడ్డాల ఒక్క లోడు దొరకలే.

"లారీ నా పేరు మీదికి మారింది సారు. కాయితాలన్ని సక్కగున్నయి," అన్నది. "నంబరు మాత్రం సచ్చిపోయినాయనతోనే పోయిందంటున్నరు. గిదేంది సారు? మనిషి పోతే నంబరు గూడ పోతదా?"

నంబరంటే ఏందో చెప్పాలె. ఆ దినాలల్ల ఫ్యాక్టరీలు లారీలను నేరుగ పిలుచుకోకపోతుండె. లారీ ఓనర్ల అసోసియేషన్‌కు కబురు పంపితే, వాళ్లు నంబరు వరుస ప్రకారం లారీని పంపుతుండిరి. కిరాయి గూడ వాళ్లు చెప్పిందే. వరుస పెట్టుకునుడు చెడ్డదేం కాదు. కొట్లాటలుండయి, ఒక్క లారీ ఉన్న చిన్నోనికి గూడ లోడు దొరుకుతది. గాని నంబరు లేని లారీకి ఏ గేటు తెరుసుకోదు. ఏ ఫ్యాక్టరీ అన్న ధైర్యం చేసి తెరిస్తే, తెల్లారి ఆ ఫ్యాక్టరీకి ఒక్క లారీ రాదు.

"అడ్డాతోని సంబంధం లేకుంట నువ్వే పోయి లోడు అడగకపోయినవా అమ్మా?"

"అడిగినం సారు. బొంతపల్లి దాంక పోయినం. గేటు కాడ సూపర్‌వైజరు మంచోడే. ‘నీకిస్తే రేపటి నుంచి మా మాల్ గోడౌన్లనే ఉంటదమ్మా, నా నౌకరి పోతది’ అన్నడు." కొంగుతోని మొఖం తుడుసుకొని, నా దిక్కు సూటిగ చూసింది. "సారు, మీరు దాన్ని లారీ అనుకుంటున్నరు. అది మా చెలక. చెలక ఇచ్చి తెచ్చుకున్నం. ఇప్పుడు ఇంటి ముంగట బీడు పడ్డది."

ఆమె ఇద్దరు పిల్లల బతుకు ఆ లారీ మీదనే ఉంది. అది కదుల్తే ఇల్లు కదుల్తది, లేకుంటే ఇనుప సామాన్లోనికి అమ్ముకోవాలె. నాకు ఏ సెక్షను కింద ఏం చెయ్యాల్నో తెల్వదు. అయినా చేస్త అని చెప్పి పంపిన. చిన్న వకీళ్లకు అదొక రోగం.

మొదలు అడ్డాకే పోయిన. అసోసియేషన్ ప్రెసిడెంటు యాదగిరి మర్యాదస్తుడు. కుర్సీ ఏసిండు, ఛాయ్ తెప్పిచ్చిండు.

"ఆడమనిషి అడ్డాల ఎట్ల నిలబడ్తది వకీల్ సాబ్? మా డ్రైవర్ల నోర్లు మంచియి గావు."

"నిలబడేది ఆమె తమ్ముడు గద."

"ఇయ్యాల తమ్ముడు, రేపు ఇంకొకడు. ఓనరు ముంగట లేని లారీ ఎవని మాటింటది?"

"సరే, ఆడమనిషికి నంబరియ్యొద్దని మీ రూల్ల ఏడ రాసి ఉందో చూపియ్యి."

యాదగిరి నవ్విండు. "రాసుకున్నదేం లేదు. నలుగురితోని నారాయణ."

"ఆ నలుగురు ఏమన్నరు?"

"ఎవలేమనలే. ఎవని లారీ వానిది, ఎవని ఇష్టం వానిది."

ఆ మాట అప్పుడు నాకు ఉత్త దబాయింపు లెక్క ఇనబడ్డది. అది ఎంత గట్టి మాటనో తర్వాత తెలిసింది. నంబర్ల ఒకరు తక్కువైతే మిగిలినోళ్ల వంతు జల్దీ వస్తది. అడ్డాల ఎవరికీ సత్తెమ్మ మీద కోపం లేదు. ఆమె లేకుంటే ఒక లోడు ముందుగాల దొరుకుతది, అంతే సంగతి.

నోటీసు ఇచ్చిన. మా సంఘంల ఎవరిని పెట్టుకోవాల్నో మా ఇష్టం అని జవాబొచ్చింది. మా కోర్టుల సీనియర్లను అడిగిన. "సంఘంల చేర్చుకోమని ఏ జడ్జన్న చెప్తడా? ఆ ముసలవ్వ నీకు ఫీజన్న ఇస్తదా?" అని నవ్విన్రు. సత్తెమ్మ ముసలవ్వ గాదు, ముప్పై ఐదేండ్లు గూడ ఉండవు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు యాదికొచ్చిన్రు మా సారు.

ప్రొఫెసర్ సుందరరామయ్య గారు హైదరాబాదుల మాకు లా చెప్పిన్రు. కోస్తా దిక్కు పొగాకు రైతుల ఇంట పుట్టిన మనిషి. బయటి దేశంల కాంపిటిషన్ లా, అంటే పోటీ చట్టం మీద పీహెచ్‌డీ చేసి, అక్కడి నౌకరి వద్దనుకొని వచ్చిన్రు. వ్యాపారులు ఒకరితోని ఒకరు పోటీ పడాలె గాని, అందరు ఒక్కటై కొనేటోన్ని గాని కొత్తగ వచ్చేటోన్ని గాని తొక్కొద్దు అని చెప్పే చట్టమది. మన దేశంల అప్పుడు సిమెంటు బస్తాకు గూడ పర్మిట్టు గావాలె. పోటీ అన్నదే లేదు. అందుకని కడమ లెక్చరర్లు ఆయనను నీళ్లు లేని ఊర్ల ఈత నేర్పే పంతులు అనేటోళ్లు. సారు నవ్వి, "వాన పడకపోదండీ. పడ్డాక మునిగేది మీరే," అనేటోళ్లు. ఆయన క్లాసు ఇష్టముంటేనే తీసుకునేది. మా బ్యాచిల తీసుకున్నది ఐదుగురం. నేను తీసుకున్నది గూడ మధ్యాహ్నం ఖాళీ దొరుకుతదనే. పోయి కూసున్నంక మాత్రం లేవబుద్ధి కాకపోతుండె.

ఢిల్లీల పెద్ద పెద్ద వకీళ్లు ఆయన వ్యాసాలు చూసి కేసులు తయారు చేసుకునేటోళ్లు. ఆయన మాత్రం కోర్టు మెట్లెక్కలే, పాఠమే చెప్పుకుంటనన్నరు. ఆ ఏడే రిటైరైన్రు. నేను పోయి సత్తెమ్మ సంగతి చెప్పంగనే, "పదవయ్యా, ఆవిణ్ణి చూద్దాం," అని తెల్లారి బస్సెక్కి సంగారెడ్డికి వచ్చిన్రు. నా ఆఫీసు బెంచీ మీద రుమాలు పరుచుకొని కూసొని, సత్తెమ్మ చెప్పేదాంక ఒక్క మాట అడ్డం రాలే. అంత ఇన్నంక నిమ్మళంగ చెప్పిన్రు.

"అమ్మా, ఒకడు నీకు లోడు ఇవ్వనంటే అది వాడి ఇష్టం. పదిమంది ఎవరికి వారు ఇవ్వం అన్నా అది వాళ్ల ఇష్టమే, చట్టం ఏమీ చేయలేదు. ఆ పదిమందీ మాట్లాడుకుని ఇవ్వడం మానేస్తే, అప్పుడు చట్టం వస్తుంది. ఆ మాట్లాడుకోవడాన్నే మేం అగ్రిమెంటు అంటాం. దానికి కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. రుజువు మాత్రం కావాలి."

"అందరు ఒక్కటైన్రని అడ్డాల అందరికి ఎరుకనే గద పెద్దసారు," అన్నది సత్తెమ్మ.

"అందరికీ తెలిసినదాన్ని రుజువు చేయడమే కష్టం తల్లీ. బాలయ్యకి అడ్డాలో స్నేహితులెవరు?"

మల్లేశం పేరు అట్ల వచ్చింది. మల్లేశందీ కర్దనూరే, ఆయనకూ ఒక్క లారీ. బాలయ్యను అన్న అంటుండె, ఇద్దరు కలిసి ఎన్నో తొవ్వలు తిరిగిన్రు. నేను వాళ్లింటికి పోతే వాకిట్ల మంచమేసి కూసోబెట్టిండు.

"వదినె లారీ అట్ల నిలబడ్డదాన్ని చూడబుద్ధి అయితలేదు వకీల్ సాబ్. గాని నాకు గూడ లారీ ఉన్నది. నేను గూడ ఆ అడ్డాలనే బతకాలె గద."

నేను బలిమి చెయ్యలే. ఆఖరికి ఆయననే నా దిక్కు తిరిగిండు. "అబద్ధం చెప్పుమంటలేరు గద? జరిగింది చెప్పుడే గద? వస్త," అన్నడు.

సారు నల్లకోటు మొదటిసారి తొడుక్కున్నరు. అప్పుడు ఇసొంటి కేసులు చూడనీకె ఢిల్లీల ఒక కమిషన్ ఉండె. అండ్ల కేసేసినం. అంత దూరం సాక్షులు రాలేరు కాబట్టి, సాక్ష్యం రాసుకొమ్మని కమిషన్ ఒక అధికారిని పంపుతది. ఆయనకు తెలుగు రాదు. పక్కన దుబాసి ఉంటడు. సాక్షి తెలుగుల చెప్పింది ఆయన ఇంగ్లీషుల చెప్తడు, టైపిస్టు కొడుతడు. ఢిల్లీల జడ్జీలు చూసేది ఆ టైపు కాయితమే, సాక్షి మొఖం వాళ్లు చూడరు.

పటాన్‌చెరుల ఒక గెస్ట్‌హౌస్ల పెట్టిన్రు విచారణ. మల్లేశం ఇస్త్రీ బట్టలేసుకొని వచ్చిండు. బయట యాదగిరి, ఇంకో పదిమంది ఓనర్లు నిలబడ్డరు. సారు అడిగిన్రు, సత్తెమ్మకు నంబరు ఎందుకివ్వలేదని. మల్లేశం చెప్పిండు:

"ఆమెకు నంబరియ్యొద్దని అందరం అనుకున్నం."

నా గుండె తేలికైంది. ఇగ కేసు అయిపోయిందనుకున్న. సారు మొఖంల గూడ అదే చూసిన. దుబాసి చెప్పిండు, టైపిస్టు కొట్టిండు, మాకు సదివి వినిపిచ్చిండ్రు. దస్కతులైనయి, ఇండ్లకు పోయినం.

కొన్ని నెలలకు ఢిల్లీల వాదనలైనయి. నేను గూడ సారు ఎంట పోయిన. అసోసియేషన్ తరఫున వచ్చిన వకీలు బాగ పేరున్నాయన. లేసి మల్లేశం సాక్ష్యం చదివిండు. ఇంగ్లీషుల ఉన్నది చదివితే గప్పుడు నాకు చెమటలు పట్టినయి. "ఆమెకు నంబరు ఇవ్వకూడదని మేమందరం ఆలోచించాం, తలిచాం" అన్న అర్థం వచ్చేటట్టుంది అండ్ల. దుబాసి తప్పు చెప్పలే. ‘అనుకొనుట’ అంటే తలుసుడే, ఏ డిక్షనరీ తెరిచినా అదే ఉంటది.

"అయ్యా," అన్నడు ఆ వకీలు, "ఈ సాక్షి చెప్పేదేమిటంటే అందరి మనసులోనూ ఒకే ఆలోచన ఉందని. ఉండొచ్చు. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారని ఎక్కడా చెప్పలేదు. ఈ దేశంలో మనిషి తన మనసులో ఏదైనా తలచుకోవచ్చు. ఆలోచన మీద నిషేధం పెట్టిన చట్టం ఏదైనా ఉంటే నా మిత్రుడైన ప్రొఫెసర్ గారు చూపించాలి."

కోర్టుల నవ్విన్రు. సారు నవ్వలే. చేతిలున్న కాయితం మళ్ల చదివిన్రు. ఆ తర్జుమా మేమిద్దరం ఎన్నిసార్లు చదివినమో. ఆ ఇంగ్లీషు మాట చూసినప్పుడల్ల మా చెవులల్ల మల్లేశం తెలుగే ఇనబడుతుండె. మాకు తెలుగు వచ్చు కాబట్టే ఆ లోటు కనబడలే. తెలుగు రానోనికి మొదటి సారికే కనబడ్డది.

అన్నం బ్రేకుల సారు ఏం తినలే. వరండాల బెంచీ మీద కూసొని కండ్లు మూసుకున్నరు. అట్లనే నాతో అన్నరు.

"మా చిన్నప్పుడు పొగాకు కొనడానికి బేరగాళ్లు వచ్చేవాళ్లయ్యా. ఎంతమంది వచ్చినా ఒకే ధర చెప్పేవాళ్లు. అదేంటి నాన్నా అని అడిగితే మా నాన్న, ‘వాళ్లు అనుకుని వచ్చార్రా’ అనేవాడు. అనుకుని రావడమంటే మనసులో తలుచుకుని రావడమా?"

"కాదు సార్. ఒకరితోని ఒకరు మాట్లాడుకొని వచ్చుడు."

"మరి ఇదే మాట కదా అది."

బ్రేకు అయినంక సారు లేసి చెప్పింది ఆ కమిషన్ల ఎవరు ఎన్నడు ఇని ఉండరు. తెలుగుల ‘కొను’ అనేదొకటి ఉంది, ఒక్కడే ఉంటే అది తన దిక్కు తిరుగుతది, పదిమంది ఉంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతది అన్నరు. ఇద్దరు కొట్టుకున్నరంటే ఎవరిని వాళ్లు కొట్టుకున్నట్టు గాదు, ఒకన్ని ఒకడు కొట్టినట్టు. తిట్టుకున్నరన్న గంతే. ‘నేను అనుకున్న’ అంటే నాలోపల నేను అన్న, అది ఆలోచన. ‘అందరం అనుకున్నం’ అంటే ఒకరితోని ఒకరం అన్నం, అది ఒప్పందం. మా భాషల ఈ రెంటికి ఒక్కటే మాట అన్నరు.

కమిషన్ పెద్ద ఓపికగ ఇన్నడు. "ప్రొఫెసర్, మీ వ్యాకరణం నాకు నచ్చింది. కానీ సాక్షి మీరు కాదు. అతను ఏ అర్థంలో అన్నాడో అతన్నే మళ్లీ అడగండి," అని హుకుమిచ్చిండు. అవతలి వకీలు గూడ ఒప్పుకున్నడు. ఆయనకు నష్టమేముంది? సాక్షి అడ్డాల మనిషే.

మళ్ల విచారణ తారీఖు పడ్డది. ఆ పొద్దు మల్లేశం గెస్ట్‌హౌస్ గేటు కాడ నన్ను పక్కకు పిలిచిండు. మొఖం పీక్కపోయి ఉంది.

"యాదగిరి వచ్చిండు సారు ఇంటికి. కొట్టలే, బెదిరియ్యలే. మంచిగనే మాట్లాడిండు. ‘మల్లేశం, నిన్ను అబద్ధం చెప్పుమంటలేను. మనసుల అనుకున్న అని చెప్పు, చాలు. అది అబద్ధం గూడ గాదు గద’ అన్నడు." ఇగ గొంతు తగ్గిచ్చి అడిగిండు, "నిజంగనే అది అబద్ధం గాదు గద వకీల్ సాబ్?"

ఏం చెప్పాలె? సాక్షికి జవాబు నేర్పొద్దు, అది వృత్తి ధర్మం. అంతకంటె ఎక్కువ, ఆయన అడిగింది చట్టం సంగతి గాదు. "నీకు యాదికున్నదే చెప్పు మల్లేశం," అన్న. అది ఎంత చేతగాని జవాబో నాకే తెలుస్తుండె. సత్తెమ్మ కొంచెం దూరంల చెట్టు కింద నిలబడి చూస్తుంది. ఆమె దగ్గరికి గూడ రాలే.

లోపల అధికారి, దుబాసి, టైపిస్టు, రెండు పార్టీల వకీళ్లం. సారు లేసిన్రు. 

"మల్లేశం, మొన్న నువ్వు ‘అనుకున్నం’ అన్నావు. నీ ఒక్కడివే మనసులో అనుకున్నావా, అందరూ కలిసి అనుకున్నారా?"

మల్లేశం కిటికీ దిక్కు చూసిండు. బయట ఓనర్లందరు కనబడుతున్నరు. అధికారి పెన్ను పట్టుకొని ఎదురు చూసిండు. టైపిస్టు వేళ్లు మిషన్ మీద పెట్టుకొని కూసున్నడు. మల్లేశం సారు దిక్కు తిరిగిండు.

"ఒక్కన్ని అనుకున్నప్పుడు ఇయ్యాలెననే అనుకున్న సారు. అందరం అనుకున్నప్పుడు ఇయ్యొద్దని అనుకున్నం."

 అధికారి "వాట్ డిడ్ హీ సే" అని రెండుసార్లు అడిగిండు. దుబాసి మల్లేశం మొఖం చూసి, ఒక కాయితం తీస్కొని, రాసి, కొట్టేసి, మళ్ల రాసిండు. ఆఖరికి మొదటి దానికి తలిచిన అనే ఇంగ్లీషు మాట, రెండో దానికి ఒప్పుకున్నం అనే మాట పెట్టి చదివిండు. అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదురు ప్రశ్నలు, అడగలే. అడగనీకె ఏం మిగల్లే.

సారు కూసున్నరు. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నరు. నేను ఆయనను ఏడువంగ చూసింది అదొక్కసారే.

హుకుం రానీకె ఇంకో ఏడాది పట్టింది. నంబరు లేని లారీని ఫ్యాక్టరీలకు పోకుండ అడ్డుకునుడు, లోడిచ్చిన ఫ్యాక్టరీకి లారీలు బందు పెట్టుడు, ఈ పద్ధతులు వెంటనే మానాలె, మళ్ల చెయ్యొద్దు అని కమిషన్ చెప్పింది. దాన్ని సీజ్ అండ్ డెసిస్ట్ ఆర్డరంటరు. యాదగిరి తెలివిగలోడు. తెల్లారే సత్తెమ్మకు నంబరు గూడ ఇచ్చేసిండు. బొంతపల్లి గేటు కాడ ఆమె లారీ మొదటిసారి లోడెక్కిన దినం నేను పోయిన. సత్తెమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. "బతికినం సారు," అన్నది. 

సారు పేరు ఆ తర్వాత పెరిగింది. 90లల్ల పర్మిట్లు పోయినయి, ఆయన చెప్పిన వాన పడ్డది. ఈత నేర్సుకోనీకె అందరు ఆయన దగ్గరికే వచ్చిన్రు. ఆయన శిష్యులు ఢిల్లీల, బొంబాయిల పెద్ద వకీళ్లైన్రు. కొత్త పోటీ చట్టం తయారయ్యేటప్పుడు సలహా అడిగినోళ్లల్ల ఆయన గూడ ఒకరు. ఒప్పందమంటే రాసుకున్నదే గానక్కర్లేదు, కలిసి నడుసుకున్నా ఒప్పందమే అన్న అర్థం ఆ చట్టంల మంచిగ కుదిరింది. అది మీ చలవే గద సార్ అంటే, "పార్లమెంటు రాసిందయ్యా, నేనెవర్ని?" అనేటోళ్లు. రిటైరైనంక గూడ పిలిస్తే పోయి పాఠం చెప్పేటోళ్లు, కొత్త బ్యాచికి మొదటి క్లాసుల మాత్రం బోర్డు మీద మల్లేశం చెప్పిన రెండు ముక్కలు తెలుగులనే రాసేటోళ్లంట. తెలుగు రాని పిల్లలకు గూడ.

కొత్త చట్టం వచ్చినంక, మా బార్ అసోసియేషనోళ్లు దాని మీద మాట్లాడనీకె సారును సంగారెడ్డికి పిలిచిన్రు. అప్పటికి చేతికర్ర వచ్చింది. మీటింగు అయినంక నా కారెక్కి, "మల్లేశం ఎలా ఉన్నాడయ్యా? ఒకసారి చూసి వెళ్దాం," అన్నరు. నాకు సిగ్గనిపిచ్చింది. అదే తొవ్వల ఎన్నోసార్లు పోయిన గాని నేను ఆగి ఆయన ఇల్లు తొక్కి చానేండ్లైంది.

మల్లేశం బర్రెలకు గడ్డేస్తుండు. సారును చూడంగనే "పెద్దసారు" అని ఉరికొచ్చి, మంచం మీద దుప్పటి పరిచి కూసోబెట్టిండు. లారీ ఏదని అడిగితే ఎప్పుడో అమ్మేసిన అన్నడు.

సారు నిటారుగ కూసున్నరు. "నీ నంబరు తీసేశారా? లోడు ఆపారా? నాకెందుకు చెప్పలేదు?"

"ఏం ఆపలే సారు. నంబరు నంబరే, లోడు లోడే. కమిషన్ భయముండె గద."

"మరి ఎందుకు అమ్మేశావు?"

మల్లేశం బర్రె దిక్కు చూసుకుంట చెప్పిండు. "ఎవ్వరు పలకలే సారు. అడ్డాల ఛాయ్ తాగనీకె కూసుంటే పక్కకు లేసి పోయేటోళ్లు. నడి తొవ్వల టైరు పంచరైతే జాకీ అడిగితే, ఉన్నోడు గూడ లేదనేటోడు. బిడ్డ పెండ్లికి అందర్ని పిలిచిన. వచ్చిన్రు, అక్షింతలేసిన్రు, ఎవ్వరు బంతిల కూసోలే. సత్తెమ్మ వదినె ఒక్కతే అన్నిటికి నిలబడ్డది. అన్నం మిగిలింది సారు చాన. ఇగ ఆ లారీ ఎక్కబుద్ధి కాలే."

సారుకు పాత గుణం పోలే. ముంగటికి వంగి అడిగిన్రు, "ఎవరు పెట్టారు ఆ కట్టుబాటు? యాదగిరా? మళ్లీ అందరూ కలిసి అనుకున్నారా?"

మల్లేశం తలకాయ అడ్డం ఊపిండు.

"లే సారు. అనుకుంటే మీకు చెప్పేటోన్నే గద. ఎవలు అనుకోలే. ఎవలకు వాళ్లే పలుకుడు బందు చేసిన్రు."

 సారు చెయ్యి చాపి మల్లేశం చెయ్యి పట్టుకున్నరు. "దానికి చట్టం లేదయ్యా," అన్నరు.

"ఎట్లుంటది సారు," అన్నడు మల్లేశం. కోపం లేదు ఆ మాటల. ఛాయ్ తెస్తనని లోపలికి పోయిండు.

ఛాయ్ తాగి మళ్ల కారెక్కినం.  బతుకంత చదివిన మనిషికి చదువు ఆగిపోయిన కాడ ఏం కనబడ్డదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండేండ్లకు సారు పోయిన్రు. పేపర్ల పెద్దగ రాసిన్రు. నేను ఆ వార్త మల్లేశంకు చెప్పనీకె కర్దనూర్ పోతే, ఆయన ఆ పూట అన్నం తినలే.

ఈ కేసు నాకు నేర్పింది పోటీ చట్టం గాదు. సాక్షిని మనం బోనెక్కిస్తం, ఆయన నోట్లకెళ్లి గావాల్సిన మాట తీసుకుంటం, కేసు గెలుస్తం, ఫైలు కట్ట కట్టి పైన పడేస్తం. ఆయన మాత్రం ఆ మాటతోని ఇంటికి పోయి, ఆ ఊర్లనే బతకాలె. నా దగ్గరికి వచ్చే జూనియర్లకు చెప్తుంట, సాక్షిని పిలిచే ముందు కేసు అయినంక ఆయన ఇంటికి ఎవరు పోతరో గూడ చూసుకోండ్రి అని. ఇప్పుడు కర్దనూర్ తొవ్వల పోతే మల్లేశం ఇంట్ల కూసొని అన్నం తినకుంట రాను. ఇది నేనొక్కన్నే అనుకున్నది.